బ్రాంచి ఫోన్లలో వాయిస్ కంప్రెషన్: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి

హెడ్ ఆఫీసు హైదరాబాద్‌లో, బ్రాంచీలు జిల్లా కేంద్రాల్లో. బయటి కాల్స్ హెడ్ ఆఫీసులోని పీఆర్ఐ లైను (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ ఫోన్ లైను) మీదకు వచ్చి, అక్కడి నుంచి ఐపీ లింకు మీద బ్రాంచి ఫోన్లకు వెళ్తాయి. ఆసుపత్రులు, ఫైనాన్స్ కంపెనీలు, విత్తనాల వ్యాపారులు, కాలేజీ యాజమాన్యాలు చాలామంది ఇలాగే నడుపుతున్నారు. లింకు చిన్నది కాబట్టి మాటను కుదించి పంపుదామని ఎవరో ఒకరు జీ.729 అనే కోడెక్ (మాటను అంకెలుగా మార్చి, అవతల విప్పే పద్ధతి) ఆన్ చేస్తారు. ఒకేసారి ఎక్కువ కాల్స్ పడతాయి, ఆ రోజుకు అందరికీ సంతోషమే. అసలు సంగతి తర్వాత ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ఐవీఆర్‌లో ("ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని చెప్పే యంత్రంలో) నొక్కిన అంకెలు పడవు. ఫ్యాక్స్ సగం పేజీ దగ్గర ఆగిపోతుంది. తన మాటే తనకు తిరిగి వినిపిస్తోందని క్యాషియర్ చెబుతారు. సెల్‌ఫోన్ నుంచి చేసినవాళ్ల పేరు రెండేసి సార్లు అడగాల్సి వస్తుంది.

ఇవి వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో మనిషిని పిలుస్తారు. నిజానికి చాలావరకు మూలం ఒకటే. మాట కోసం తయారైన కుదింపును మాట కానివాటి మీద కూడా రుద్దుతున్నాం, అది కూడా దారిలో రెండు మూడు సార్లు. ఇరుకు ఎక్కడుందో అక్కడ మాత్రమే, ఒక్కసారి మాత్రమే కుదించాలి; మిగతా దారంతా మామూలు ఫోన్ కోడెక్ జీ.711 ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం. దాన్ని ఒక పద్ధతిలో ఎలా అమలు చేయాలో కింద రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: లోపల ఏం జరుగుతుంది

మామూలు డిజిటల్ ఫోన్ కాల్ జీ.711. దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని తీసుకుని, సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. మొత్తం సెకనుకు 64 కిలోబిట్లు. మన దేశంలో, యూరప్‌లో ఏ-లా పద్ధతి. అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా. ఇది శబ్ద తరంగం ఆకారాన్నే పట్టుకుంటుంది కాబట్టి లోపలికి ఏది వచ్చినా, అది మాట అయినా, బటన్ టోన్ అయినా, ఫ్యాక్స్ కూత అయినా, అవతల దాదాపు అలాగే దిగుతుంది.

జీ.729 పని పూర్తిగా వేరు. అది తరంగాన్ని పంపదు. ప్రతి 10 మిల్లీసెకన్ల మాటను విని, ఆ క్షణంలో గొంతు, నోరు ఏ ఆకారంలో ఉన్నాయో, స్వరం ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టి, ఆ లెక్కల్ని 80 బిట్లలో పంపుతుంది. అవతలి పరికరం ఆ లెక్కలతో మాటను మళ్లీ తయారు చేస్తుంది. అందుకే 8 కిలోబిట్లకే పని అయిపోతుంది. ఈ పద్ధతికి మూలమైన సెల్ప్ విధానాన్ని 1985లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, మన కాన్పూర్‌లో పుట్టిన బిష్ణు అటల్ ప్రకటించారు. వాళ్ల తొలి ప్రయోగంలో ఒక్క సెకను మాటను కుదించడానికి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కు 150 సెకన్లు పట్టింది. ఇప్పుడు టేబుల్ మీద ఫోన్‌లోని చిన్న చిప్పు ఆ కుటుంబానికే చెందిన లెక్కను మాట సాగుతుండగానే చేసేస్తోంది. తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: జీ.729కు మనిషి గొంతు మాత్రమే తెలుసు. సంగీతం, టోన్లు, మోడెమ్ కూత, ఒకేసారి మాట్లాడే ఇద్దరు మనుషులు, వీటన్నిటినీ అది ఒకే గొంతులోంచి పలికించాలని చూస్తుంది. హోల్డ్ మ్యూజిక్ వంకరగా వినిపించడానికి కారణం అదే.

1. అసలు కుదింపు అవసరమా? లెక్క వేయండి

64 కిలోబిట్ల మాట 8కి దిగితే ఎనిమిది రెట్లు ఆదా అని చాలామంది అనుకుంటారు. ఐపీ లింకు మీద అంత రాదు. ప్రతి ప్యాకెట్‌కూ ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు (ప్యాకెట్ ఎక్కడికి, ఏ వరుసలో వెళ్లాలో చెప్పే భాగం) కలిపి 40 బైట్లు ఉంటాయి. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపితే జీ.711లో మాట 160 బైట్లు, హెడర్‌తో 200. సెకనుకు 50 ప్యాకెట్లు, అంటే 80 కిలోబిట్లు. జీ.729లో మాట 20 బైట్లే, కానీ హెడర్ 40 కలిపితే 60. అంటే 24 కిలోబిట్లు. ఆదా మూడు రెట్లకు కాస్త పైన, అంతే. మాట కన్నా దాని హెడర్ రెండింతలు బరువు.

లింకు మీద ఐపీసెక్ వీపీఎన్ (డేటాను రహస్యంగా చుట్టి పంపే ఏర్పాటు) ఉంటే పరిస్థితి ఇంకా మారుతుంది. ఆ 60 బైట్ల చిన్న ప్యాకెట్ వీపీఎన్ కవరులో పడి దాదాపు రెట్టింపు అవుతుంది. జీ.711 ప్యాకెట్‌కూ అన్నే బైట్లు కలుస్తాయి గానీ అది ముందే పెద్దది కాబట్టి శాతంలో పెరుగుదల తక్కువ. ఆదా మరింత తగ్గుతుంది.

ఇప్పుడు మీ బ్రాంచి లెక్క రాయండి. రద్దీ వేళలో ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయో పీబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి) రికార్డుల్లో చూడండి, ఊహించకండి. పది కాల్స్ అనుకుంటే జీ.711కి ఒక్కో దిశలో 800 కిలోబిట్లు, జీ.729కి 240. లింకు 10 మెగాబిట్లదైతే, మాటకు ముందు వరుస ఇచ్చే ఏర్పాటు ఉంటే, కుదింపుతో మీకు పనే లేదు. నేరుగా 6వ మెట్టుకు వెళ్లిపోవచ్చు. లింకు 512 కిలోబిట్లదో, సిమ్ మీదో శాటిలైట్ మీదో నడిచేదో అయితే కుదింపు నిజంగా అవసరం.

చూసేది అప్‌లోడ్ వేగాన్ని. చాలా బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో డౌన్‌లోడ్ బాగానే ఉండి అప్‌లోడ్ దగ్గర ఇరుకు ఉంటుంది. అలాంటప్పుడు మనం చెప్పేది అవతలివాళ్లకు తెగిపోతుంది, వాళ్లు చెప్పేది మనకు బాగానే వినిపిస్తుంది.

2. కాల్ వెళ్లే దారిని కాగితం మీద గీయండి

ఈ మెట్టును దాటవేయకండి. ఎక్కువ సమస్యలు దొరికేది ఇక్కడే.

ఒక కాల్ తీసుకుందాం. ఖాతాదారు సెల్‌ఫోన్ నుంచి చేశారు. సెల్‌ఫోన్ ఏఎంఆర్ కోడెక్‌తో కుదించింది. ఆపరేటర్ దాన్ని విప్పి జీ.711గా మీ పీఆర్ఐ మీదకు పంపారు. మీ గేట్‌వే (ఫోన్ లైనును ఐపీ లింకుకు కలిపే పెట్టె) దాన్ని జీ.729గా కుదించి బ్రాంచికి పంపింది. బ్రాంచి మేనేజర్ బయట ఉన్నారు, ఆయన ఎక్స్‌టెన్షన్ సెల్‌ఫోన్‌కు ఫార్వర్డ్ అయి ఉంది. కాల్ మళ్లీ హెడ్ ఆఫీసుకు వచ్చి, విప్పబడి, ఆపరేటర్ దగ్గర మూడోసారి కుదింపుకు లోనైంది. ఒకే మాటను మూడుసార్లు కుదించి మూడుసార్లు విప్పారు. ప్రతిసారీ కోడెక్ ముందున్నది నిజమైన గొంతు అనుకుని లెక్క వేస్తుంది, కానీ రెండోసారి నుంచి అది వింటున్నది పాత కోడెక్ కట్టిన గొంతును.

ఈ నష్టాన్ని అంకెల్లో చూడటానికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) జీ.107 ప్రమాణంలోని ఈ-మోడల్ అనే లెక్క పనికొస్తుంది. అన్నీ సక్రమంగా ఉన్న కాల్‌కు ఆర్ విలువ (నాణ్యతకు ఇచ్చే మార్కు) 93.2. ఒక్కో కోడెక్‌కు కొంత కోత. జీ.711కి సున్నా, ఏఎంఆర్ 12.2కి 5, జీ.729కి 10, జీ.723.1 (6.3 కిలోబిట్లు)కు 15. ఒకదాని తర్వాత ఒకటి వస్తే కోతలు కలిసిపోతాయి. పై కాల్‌లో 5, 10, 5 కలిపి 20 పోతే మిగిలేది 73 చిల్లర. 70 నుంచి 80 మధ్య అంటే కొంతమందికి అసంతృప్తి. మధ్యలో జీ.729 తీసేస్తే 83, అంటే సంతృప్తికరమైన వరుస. ఆలస్యం, ప్యాకెట్ నష్టం, ఎకో ఇంకా కలపలేదు.

మీ బొమ్మలో ప్రతి మలుపు దగ్గర కోడెక్ పేరు రాయండి: పీఆర్ఐ, గేట్‌వే, పీబీఎక్స్, బ్రాంచి ఫోన్, వాయిస్‌మెయిల్, కాన్ఫరెన్స్, కాల్ రికార్డింగ్. కాన్ఫరెన్స్ పెట్టె గొంతులన్నీ విప్పి, కలిపి, మళ్లీ కుదిస్తుందని మరవకండి. వాయిస్‌మెయిల్ కూడా అంతే: కుదించి వచ్చిన మాటను మరో కుదింపుతో డిస్కులో దాస్తే వినేటప్పుడు మూడో చోట నష్టం. రికార్డింగులను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు అక్షరాల్లోకి మార్చే ఆలోచన ఉంటే, వాటిని జీ.711లోనే దాచండి. పోయిన వివరం తిరిగి రాదు.

ఇంకొక సంగతి. బయటి లైన్లను ఐపీ లింకుకు కలిపే ఏర్పాటుకు లైసెన్సు షరతులు ఉంటాయి. ఏది చేయొచ్చో ఆపరేటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి.

3. కోడెక్ వరుసను సరిచేయండి

ఫోన్, పీబీఎక్స్, గేట్‌వే మూడింటిలోనూ కోడెక్ జాబితా ఉంటుంది. కాల్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా తమ జాబితాలు చెప్పుకుని ఒకటి ఎంచుకుంటాయి. జాబితాలో అన్నీ టిక్ చేసి వదిలేస్తే ఏ కాల్ దేని మీద నడుస్తోందో మీకే తెలియదు.

హెడ్ ఆఫీసు లోపలి ఫోన్లకు జీ.711 ఏ-లా. మ్యూ-లాను తీసేయండి, మన పీఆర్ఐ ఏ-లా కాబట్టి మ్యూ-లా ఉంటే ఊరికే ఒక మార్పిడి. ఇరుకు లింకున్న బ్రాంచికి మాత్రం జీ.729 మొదట, జీ.711 తర్వాత. ఆ రెండోది ఫ్యాక్స్ కోసం ఉండాలి. జీ.723.1ను నేనైతే కొత్తగా ఎక్కడా పెట్టను. 30 మిల్లీసెకన్ల ముక్క, పైన 7.5 ముందుచూపు (తర్వాతి మాటను కొంచెం ముందే విని చూడటం), వెరసి కోడెక్ దగ్గరే 37.5 మిల్లీసెకన్లు పోతాయి. జీ.729లో అది 15.

పీబీఎక్స్‌లో జీ.729 మార్పిడికి ప్రాసెసర్ శక్తి కావాలి. ఫోను, గేట్‌వే రెండింటికీ జీ.729 వస్తే పీబీఎక్స్ మధ్యలో విప్పకుండా అలాగే దాటిస్తుంది, అదే మేలు. జీ.729 పేటెంట్ లైసెన్సు ఫీజు గొడవ 2017 నుంచి లేదు. పాత సామగ్రిలో ఇంకా ఛానెల్ లెక్కన లైసెన్సు అడుగుతుంటే అది ఆ తయారీదారు విధానం.

బ్రాంచి నుంచి బ్రాంచికి ఐపీ మీదే నడిచే కాల్స్‌కు, రెండు వైపులా పరికరాలు ఒప్పుకుంటే, ఓపస్ పెట్టి చూడండి. 2012లో వచ్చిన ఈ కోడెక్ తక్కువ బిట్లలోనూ జీ.729 కన్నా నిండుగా వినిపిస్తుంది. పీఆర్ఐ దాటి బయటికి వెళ్లే కాల్‌కు మాత్రం దాని వల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే బయట ఉన్నది 3400 హెర్ట్జ్ దారే.

4. ఆలస్యం, ఎకో: రెండూ కలిపి చూడాలి

ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని ఐటీయూ జీ.114 చెబుతుంది, 400 దాటకూడదు. మన కాల్‌కు లెక్కేద్దాం. సెల్‌ఫోన్ వైపు సుమారు 100. గేట్‌వేలో 20 మిల్లీసెకన్ల ముక్క, 5 ముందుచూపు, లెక్క వేసే సమయం కలిపి 30. లింకు 15. బ్రాంచి ఫోన్‌లోని జిట్టర్ బఫర్ (ప్యాకెట్లు ముందూ వెనకా రావడాన్ని సర్దే చిన్న నిల్వ) 50. మొత్తం 195, అంటే 150 ఎప్పుడో దాటేశాం. మేనేజర్ సెల్‌కు ఫార్వర్డ్ అయితే ఇంకో సెల్‌ఫోన్ వైపు కలుస్తుంది. అప్పుడే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "చెప్పండి, చెప్పండి" అనుకోవడం. శాటిలైట్ లింకు అయితే ఒక్క హాప్‌కే పావు సెకను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా పోర్ట్ బ్లెయిర్‌లోని మన తెలుగువాళ్లు ఇంటికి చేసే కాల్స్‌లో ఈ పావు సెకను మామూలే.

ఇక ఎకో. రెండు తీగల అనలాగ్ లైను నాలుగు తీగల దారిలో కలిసే హైబ్రిడ్ దగ్గర మాటలో కొంత వెనక్కి తిరుగుతుంది. అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంది. పాత లోకల్ కాల్స్‌లో వెంటనే తిరిగి రావడం వల్ల మన గొంతులోనే కలిసిపోయి తెలిసేది కాదు. కుదింపు, బఫర్లు ఆలస్యం పెంచాక అదే ఎకో విడిగా వినిపిస్తుంది. అంటే కుదింపు ఎకోను పుట్టించదు, దాచి ఉన్నదాన్ని బయటపెడుతుంది.

వెతికేటప్పుడు ఒక సూత్రం చాలా సమయం మిగుల్చుతుంది: ఎకో ఎవరికి వినిపిస్తోందో, లోపం సాధారణంగా వాళ్లకు అవతలి చివర ఉంటుంది. క్యాషియర్‌కు తన మాట తిరిగి వస్తుంటే క్యాషియర్ ఫోన్ మార్చి లాభం లేదు. గేట్‌వేలో అనలాగ్ పోర్టు వైపో, అవతలి మనిషి స్పీకర్‌ఫోన్ వైపో చూడాలి. గేట్‌వేలో ఎకో క్యాన్సలర్ ఆన్ ఉందా, దాని టెయిల్ (ఎంత ఆలస్యంగా వచ్చే ఎకోను పట్టుకోగలదో ఆ నిడివి) 64 మిల్లీసెకన్లకు తక్కువ కాకుండా ఉందా చూడండి. అనలాగ్ పోర్టు ఇంపీడెన్స్, దేశం సెట్టింగ్ ఇండియాకు ఉన్నాయా చూడండి; చాలాచోట్ల అవి ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉండిపోతాయి. క్యాన్సలర్ హైబ్రిడ్‌కు దగ్గరగా, కుదింపుకు ముందు పనిచేయాలి. కోడెక్ దాటాక తిరిగి వచ్చే ఎకో ఆకారం మారిపోతుంది, దాన్ని క్యాన్సలర్ పోల్చుకోలేదు.

5. ప్యాకెట్ పోవడం, వీఏడీ

జీ.729 ప్రతి ముక్కనూ వెనకటి ముక్కల జ్ఞాపకంతో విప్పుతుంది. అందువల్ల ఒక ప్యాకెట్ పోతే నష్టం ఆ 20 మిల్లీసెకన్లతో ఆగదు, తర్వాతి కొన్ని ముక్కలు కూడా వంకరపోతాయి. కుదించిన మాటకు లింకు ఇంకా శుభ్రంగా ఉండాలి, కానీ మనం కుదించేదేమో అసలే బలహీనమైన లింకుల మీద. అసలు చిక్కు ఇదే.

రూటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 గుర్తు (దీన్ని ముందు పంపమని రూటర్‌కు చెప్పేది) పెట్టి ముందు వరుస ఇవ్వండి. 512 కిలోబిట్ల లింకు మీద 1500 బైట్ల డేటా ప్యాకెట్ ఒక్కటి దాటడానికే 23 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు వరుస ఇచ్చినా అప్పటికే బయలుదేరిన ప్యాకెట్ వెనక మాట ఆగాల్సిందే, కాబట్టి అలాంటి లింకుల్లో పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేసే ఏర్పాటు కూడా కావాలి. హెడర్ బరువు తగ్గించాలని 40 మిల్లీసెకన్ల ముక్కలకు వెళ్తే కాల్‌కు 24 బదులు 16 కిలోబిట్లే, నిజమే. కానీ ఒక్క ప్యాకెట్ పోతే సగం అక్షరం పోతుంది. లింకులో నష్టం లేదని కొలిచి తేల్చుకున్నాకే ఆ పని చేయండి.

వీఏడీ అంటే మాట్లాడనప్పుడు ప్యాకెట్లు ఆపేయడం. మాట మొదలైందని అది గుర్తించేలోపు మొదటి శబ్దం తెగిపోయే ప్రమాదం ఉంది. తెలుగులో ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. "ఇరవై", "అరవై" మధ్య తేడా మొదటి అచ్చులోనే ఉంది. ఆ అచ్చు తెగితే వినిపించేది "రవై". డబ్బు లెక్కలు, మందుల మోతాదులు ఫోన్లో చెప్పే చోట వీఏడీ మిగిల్చే కొద్ది కిలోబిట్ల కోసం ఈ ప్రమాదం కొని తెచ్చుకోకూడదు. నేను ఆఫ్ చేయమనే చెబుతాను. రెండు చివరలా ఆఫ్ చేయండి. జీ.729 అనెక్స్ బీ అనే పేరుతో కూడా ఈ సెట్టింగ్ కనిపిస్తుంది. ఒకవైపు ఆన్, మరోవైపు ఆఫ్ ఉంటే కొన్ని పరికరాల మధ్య కాల్ కలిశాక ఒకవైపు మాట వినిపించకపోవచ్చు.

6. మాట కానివాటికి వేరే దారి

బటన్ టోన్లు ముందు. ప్రతి అంకె రెండు స్వరాల జత, కింది వరుసలో 697 నుంచి 941 హెర్ట్జ్, పై వరుసలో 1209 నుంచి పైకి. గొంతు లెక్కలు వేసే కోడెక్ ఈ జతను చెడగొడుతుంది, ఐవీఆర్ గుర్తుపట్టదు. అందుకే అంకెను శబ్దంగా కాక సందేశంగా పంపాలి. ఆ పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 4733. చాలా పరికరాల మెనూలో ఇంకా పాత పేరు ఆర్‌ఎఫ్‌సీ 2833 అనే ఉంటుంది. ఫోన్, పీబీఎక్స్, గేట్‌వే, సిప్ ట్రంక్ (ఆపరేటర్ ఐపీ మీద ఇచ్చే ఫోన్ లైను) అన్నిటిలో ఒకే పద్ధతి పెట్టండి. జీ.711 లింకుల్లో కూడా ఇదే పెట్టడం మంచిది. అంకె రెండుసార్లు పడుతోందంటే సందేశంతో పాటు శబ్దం కూడా దాటుతోందని అర్థం. గేట్‌వేలో టోన్‌ను మాటలోంచి తీసేసే సెట్టింగ్ వెతకండి.

ఫ్యాక్స్ జీ.729 మీద వెళ్లదు. ఆసుపత్రులు, కోర్టు పనులు, బ్యాంకు పనుల్లో ఫ్యాక్స్ ఇంకా ఉన్నచోట, దాన్ని శబ్దంగా కాక డేటాగా పంపే టీ.38 ఆన్ చేయండి. అవతలి వైపు అది లేకపోతే జీ.711 పాస్‌త్రూ (ఫ్యాక్స్ కూతను శబ్దంగానే దాటించడం), వీఏడీ ఆఫ్, జిట్టర్ బఫర్ మారకుండా ఒకే నిడివిలో. అలారం ప్యానెళ్లు, లిఫ్టులోని అత్యవసర ఫోన్, డయల్-అప్ మోడెమ్ ఉన్న పాత యంత్రాలు ఏవైనా ఉంటే వాటిని ఈ ఐపీ దారిలోకి తేకుండా విడి లైను మీదే ఉంచండి. ప్రాణాలకు సంబంధించిన చోట పొదుపు వద్దు.

హోల్డ్ మ్యూజిక్‌ను ఒక్క గొంతు మాట్లాడే రికార్డింగుగా మార్చేస్తే కుదింపు మీద కూడా స్పష్టంగా ఉంటుంది.

7. తెలుగులో పరీక్షించండి

"హలో, వినిపిస్తోందా" అంటే పరీక్ష కాదు. ఆ మాట ఎంత చెడ్డ లైను మీదైనా అర్థమవుతుంది, ఎందుకంటే వినేవాళ్లు దాని కోసమే ఎదురుచూస్తుంటారు. ఎదుటివాళ్లు ఊహించలేనివి చదవండి. ఇరవై, అరవై, డెబ్బై, తొంభై కలగలిపిన మొత్తాలు, పదిహేను, పదహారు, పదిహేడు, కొత్త ఇంటిపేర్లు. స, ఫ లాంటి ధ్వనుల బలం చాలావరకు 3400 హెర్ట్జ్ పైన ఉంటుంది, దాన్ని జీ.711 కూడా తీసుకెళ్లదు. కాబట్టి అదే జాబితాను ముందు జీ.711 మీద చదివి, అక్కడ తప్పినవాటిని పక్కన పెట్టి, తర్వాత జీ.729 మీద చదవండి. అప్పుడు కుదింపు వల్ల పోయిందేమిటో విడిగా తెలుస్తుంది. ఆడ గొంతు, మగ గొంతు, పిల్లల గొంతు, రోడ్డు పక్క నుంచి సెల్‌ఫోన్, అన్నీ ప్రయత్నించండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి కూడా చూడండి.

తర్వాత లింకును కావాలని చెడగొట్టండి. ఒక లైనక్స్ పెట్టెను మధ్యలో పెట్టి నెట్‌ఎమ్ అనే సాధనంతో 1 శాతం, 3 శాతం నష్టం, 30 మిల్లీసెకన్ల హెచ్చుతగ్గులు కలిపి అదే జాబితా మళ్లీ చదవండి. ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో టెలిఫోనీ మెనూ కింద ఆర్‌టీపీ విశ్లేషణ తెరిస్తే ఏ కాల్ ఏ కోడెక్ మీద నడిచిందో, ఎన్ని ప్యాకెట్లు పోయాయో, జిట్టర్ ఎంతో కనిపిస్తుంది. సెట్టింగుల పేజీలో ఉన్న కోడెక్‌కూ, కాల్ నిజంగా నడిచిన కోడెక్‌కూ పొంతన ఉందా లేదా అన్నది ఇక్కడ తప్పకుండా చూడండి.

8. ఒక బ్రాంచితో మొదలుపెట్టి, మార్పులు రాసిపెట్టండి

ఒకేసారి ఒకే మార్పు. వరుస ఇలా ఉంటే బాగుంటుంది: వీఏడీ ఆఫ్, బటన్ టోన్ల పద్ధతి, ఎకో క్యాన్సలర్, రూటర్‌లో ముందు వరుస, చివర కోడెక్. కోడెక్‌ను చివర పెట్టడానికి కారణం, మిగతావి సరైతే దాని మీద వచ్చే ఫిర్యాదులు చాలావరకు తగ్గిపోతాయి. అప్పుడు మిగిలినవి నిజంగా కోడెక్ వల్లే అని నమ్మొచ్చు. కాల్స్ ఎక్కువగా తీసుకునే ఇద్దరు ముగ్గురిని అడిగి, ఫిర్యాదు వచ్చిన సమయం, నంబరు, ఏం వినిపించిందో వాళ్ల మాటల్లోనే రాయించుకోండి. "క్లారిటీ లేదు" అని కాకుండా "నా మాటే నాకు వచ్చింది", "మధ్యలో తెగింది", "రోబో లాగా ఉంది" అని రాయిస్తే, మొదటిది ఎకో, రెండోది ప్యాకెట్ నష్టం లేదా వీఏడీ, మూడోది ప్యాకెట్ నష్టం లేదా కుదింపు మీద కుదింపు అని సగం పని అక్కడే తేలిపోతుంది.

బొమ్మ మీద ప్రతి బ్రాంచి లింకు వేగం, అది పెట్టిన తేదీ రాసి ఉంచండి. 512 కిలోబిట్ల రోజుల్లో పెట్టిన జీ.729 సెట్టింగే, ఫైబర్ వచ్చి 50 మెగాబిట్లు అయ్యాక కూడా చాలా బ్రాంచీల్లో అలాగే నడుస్తోంది. అవసరం తీరినా నష్టం మాత్రం రోజూ భరిస్తున్నారు. లింకు మారిన ప్రతిసారీ 1వ మెట్టులోని లెక్క మళ్లీ వేయండి. ఇరుకు పోయిన బ్రాంచిలో జీ.711 ఏ-లాను మొదటి వరుసకు తెచ్చి, జీ.729ను జాబితాలో కిందికి దింపి, ఒక కాల్‌ను వైర్‌షార్క్‌లో పట్టి మార్పు నిజంగా అమలైందో లేదో చూసుకోండి.